తక్కువ రోజుల ఆలుగడ్డ
సందేహాలు - సమాధానాలు

*చలికాలం పంటకు దుంప నాటే రోజులు దగ్గరపడుతుండటంతో ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా బంగాళాదుంప గురించే వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి జవాబు చెబుతున్నాను.*

ప్ర: మేము అక్టోబరు చివర్లో ఎర్రనేలలో ఆలుగడ్డ పెడతాం. పుఖ్‌రాజ్ రకం ఎనభై రోజులకు తీస్తున్నాం. అరవై రోజుల్లోనే వచ్చి, ఇంతకంటే ఎక్కువ పండే రకాన్ని శాస్త్రవేత్తలు ఎందుకు తేలేకపోతున్నారు? ముందు మార్కెట్‌కు పోయినోడికే కదా రేటు!
*- ఒక రైతు, జహీరాబాద్ ప్రాంతం*

జ: ముందు రోజుల లెక్క చూద్దాం. దుంప నాటాక మొలక నేల పైకి రావడానికే పది పదిహేను రోజులు పడుతుంది. నేల లోపల పాకే తెల్లటి కాడల కొసలు ఉబ్బి చిన్న గడ్డలుగా మారడం మొదలయ్యేసరికి నెల దాటుతుంది. చివర్లో చెట్టు కోసేశాక తొక్క గట్టిపడటానికి కనీసం పది రోజులు గడ్డను నేలలోనే వదలాలి. అంటే అరవై రోజుల పంటలో గడ్డ ఊరడానికి మిగిలేది పద్దెనిమిది, ఇరవై రోజులు. ఎనభై రోజుల పంటకు దాదాపు ముప్పై ఎనిమిది. మీరు ఇరవై రోజులు తగ్గించమంటున్నారు, కానీ ఊరే కాలం సగానికి సగం తెగిపోతోంది.

మరి గడ్డ కట్టడమే ముందుకు జరిపితే? అక్కడే అసలు చిక్కు. ఈ మొక్కలో సంపాదించేది ఆకు, దాచుకునేది దుంప. గడ్డ కట్టడం మొదలైతే ఆకు తయారుచేసిన పిండి పదార్థమంతా కిందికి పోతుంది, కొత్త ఆకు రావడం మందగిస్తుంది. మరీ తొందరగా గడ్డ కట్టే మొక్క మోకాలెత్తు కూడా పెరగకుండా ఆగిపోతుంది. దాని కింద గడ్డలు ముందే వస్తాయి గానీ గోలీలకు కాస్త పెద్దవిగా ఉండిపోతాయి. అందుకే కొత్త రకం కోసం వెతికేవాళ్ళు తొందరగా కట్టే మొక్కతో సరిపెట్టుకోరు. మొదటి నెలలోనే సాళ్ళ మధ్య నేల కనపడకుండా ఆకు కమ్మాలి, గడ్డ ముందే కట్టాలి, కట్టాక కూడా ఆకు ఇంకో నెల పచ్చగా నిలవాలి. ఈ మూడూ ఒకే మొక్కలో దొరకడం అరుదు. దొరికిందా లేదా అని తేల్చడానికి ఒకే రకాన్ని పక్కపక్కనే మడులుగా నాటి ఒకదాన్ని 60 రోజులకు, ఇంకోదాన్ని 75కి, మరోదాన్ని 90కి తవ్వి తూస్తారు. అరవై రోజుల తూకంలో మొదటి స్థానం వచ్చిన రకం తొంభై రోజుల తూకంలో వెనకబడటం మామూలే.

మీరు వేస్తున్న కుఫ్రి పుఖ్‌రాజ్ ఈ పరీక్షలన్నీ దాటి వచ్చిందే. క్రెయిగ్స్ డిఫయన్స్ అనే బ్రిటిష్ రకాన్ని మరో మేలైన వరసతో కలిపి తీశారు, 1998లో విడుదలైంది. 1968లో వచ్చిన కుఫ్రి చంద్రముఖి కూడా తక్కువ రోజులదే, కానీ దిగుబడిలో పుఖ్‌రాజ్‌కు సాటిరాదు. పుఖ్‌రాజ్‌ను తల్లిదండ్రుల్లో ఒకటిగా పెట్టి తీసిన కుఫ్రి ఖ్యాతి 2008లో వచ్చింది, అదీ ఈ కోవలోదే. వీటి దిగుబడి అంటూ కరపత్రాల్లో కనిపించే అంకెలు ఉత్తరాది మైదానాల చలిలో వచ్చినవి. దక్కనులో అంత ఆశపడకండి.

ఆ తేడా రాత్రి వేడివల్ల వస్తుంది. గడ్డ కట్టడానికి రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉంటే మంచిది. అది 22 దాటుతూ ఉంటే చెట్టు ఏపుగా పెరుగుతుంది గానీ కింద గడ్డ ఉండదు. అక్టోబరు చివర్లో మీ దగ్గర రాత్రులు ఇంకా చల్లబడి ఉండవు కాబట్టి రకంలో ఉన్న తొందర పొలంలో కనిపించదు. నాటడం వారం పది రోజులు వెనక్కి జరిపితే పంట రోజులు తగ్గి, తీత దాదాపు అదే తేదీకి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. దక్కను కోసమని 1972లో కుఫ్రి లౌకర్ ఇచ్చారు. దాన్ని పెరూలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం నుంచి వచ్చిన వరసతో కలిపి, వేడిని తట్టుకునే కుఫ్రి సూర్యను 2006లో విడుదల చేశారు. ఒక అరెకరంలో సూర్య పెట్టి చూడండి.

పెట్టినప్పుడు ఒక చిన్న పని చేయండి. 60, 70, 80 రోజులకు చేను మధ్యలో వరసగా పది మొక్కలు తవ్వి, గడ్డ తూచి రాసుకోండి. అరవై సెంటీమీటర్ల సాళ్ళలో ఇరవై సెంటీమీటర్లకొకటి నాటితే ఎకరాకు దాదాపు 33,700 మొక్కలు. పది మొక్కల తూకం కిలో పెరిగిందంటే ఎకరాకు 33 క్వింటాళ్ళు పెరిగినట్టు. ఆ వారంలో మండీ ధర ఎంత పడిందో పక్కన రాస్తే, ఎప్పుడు తవ్వాలో ఏ శాస్త్రవేత్తా మీకు చెప్పనక్కర్లేదు. ఇంకొక మాట: యూరియా ఆలస్యంగా, ఎక్కువగా వేస్తే ఎంత తొందర రకమైనా గడ్డ కట్టడం వాయిదా వేస్తుంది. పక్క చేను కంటే పచ్చగా ఉందని మురిసిపోకండి.

ప్ర: వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. మా ప్రాంతంలో బంగాళాదుంప మొక్క పూత పూయడం నేను చూడలేదు. పువ్వే లేకపోతే సంకరం ఎలా చేస్తారు? అన్ని రకాల పేర్ల ముందూ కుఫ్రి అని ఎందుకు ఉంటుంది?
*- విద్యార్థిని, తిరుపతి*

జ: రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే ఊరు. కుఫ్రి సిమ్లా పక్కన, సముద్రమట్టానికి సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉంది. బంగాళాదుంప బాగా పూయాలంటే పగలు పొడుగ్గా ఉండాలి, గాలి చల్లగా ఉండాలి. మన మైదానాల్లో చలి ఉన్నప్పుడు పగలు పదకొండు గంటలే, పగలు పెరిగేసరికి ఎండ మాడ్చేస్తుంది. కుఫ్రిలో వేసవిలో రెండూ కలిసి దొరుకుతాయి. కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారడానికి ఇది పెద్ద కారణం. అంతవరకు మనవాళ్ళు యూరప్ రకాలను తెచ్చి నాటేవారు. అవి పొడుగు పగళ్ళకు అలవాటుపడినవి. మన చలికాలపు పొట్టి పగళ్ళలో చెట్టు ఎదగకముందే గడ్డ కట్టి, కొద్దిపాటి దిగుబడితో ముగిసిపోయేవి. సంకరం కొండ మీద చేసి, ఎంపిక మాత్రం జలంధర్, మోదీపురం లాంటి మైదానపు పొలాల్లో చేయడం మొదలయ్యాకే మన రకాలు మనకు వచ్చాయి.

ఇక సంకరం ఎలా చేస్తారంటే, తల్లిగా ఎంచుకున్న మొక్కలో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట పట్టుకుంటారు. సన్నటి చిమటాతో రేకలు విడదీస్తే మధ్యలో అయిదు పసుపుపచ్చ కేసరాలు ఒకదానికొకటి ఆనుకుని శంకువులా కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటే గిల్లి తీసేయాలి, మధ్యలోని ఆకుపచ్చ కీలానికి దెబ్బ తగలకూడదు. తండ్రి మొక్క పూలను కోసి కేసరాల కొసలను తట్టితే, అక్కడి చిన్న రంధ్రాల్లోంచి పుప్పొడి పిండిలా రాలుతుంది. కొందరు దాన్ని బొటనవేలి గోరు మీదికి రాల్చుకుని, పొద్దున్నే తల్లి పువ్వు కీలాగ్రాన్ని అందులో ముంచుతారు. తర్వాత ఒక చీటీ కడతారు. కాయ పట్టాక పల్చటి గుడ్డ సంచీ తొడగాలి, లేకపోతే పండి రాలిన కాయ ఏ చెట్టుదో తెలియదు. ఆరు వారాల్లో కాయ పక్వానికి వస్తుంది, ఒక్కో కాయలో వంద, రెండు వందల గింజలు ఉంటాయి.

పూత రాని రకాలకు ఉపాయాలు ఉన్నాయి. దుంపను ఇటుక మీద పెట్టి చుట్టూ మట్టి పోసి మొలిపిస్తారు. వేళ్ళు ఇటుక దాటి కిందికి దిగాక మట్టిని కడిగేసి, గడ్డ కట్టే కాడలను ఎప్పటికప్పుడు తుంచేస్తారు. దాచుకునే దారి మూసుకుపోవడంతో మొక్క పూతకు వస్తుంది. బంగాళాదుంప కొమ్మను టమాట మొక్కకు అంటు కట్టినా అంతే. పూసినా పుప్పొడి పనికిరాని రకాలు చాలా ఉన్నాయి, వాటిని తల్లిగా మాత్రమే వాడతారు.

ప్ర: అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటాం. పెరట్లో వేసిన ఆలూ మొక్కలకు చెర్రీ టమాటాల్లాంటి పచ్చటి కాయలు గుత్తులుగా కాశాయి. తినొచ్చా? గింజలు నాటితే దుంపలు వస్తాయా?
*- ఒక గృహిణి*

జ: తినకూడదు. అందులో విషం ఉంటుంది. ఎండ తగిలి పచ్చబడిన దుంపలో ఉండే జాతిదే అది. పిల్లలకు అందకుండా చూడండి.

నాటడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తాయి. మీ దగ్గర వేసవి పగళ్ళు పొడుగు కాబట్టి కాశాయి. కాయ మెత్తబడ్డాక పిసికి, గింజలు కడిగి ఆరబెట్టి, వచ్చే ఏడాది టమాట నారు పోసినట్టే పోయండి. ఒకే కాయలోని గింజల నుంచి వచ్చినా ఏ రెండు మొక్కల దుంపలూ ఒకలా ఉండవు. ఒకదాని తొక్క ఎర్రగా, ఒకటి కోలగా, ఒకటి చేదుగా, చాలావరకు మీరు పెట్టిన దానికంటే నాసిగా ఉంటాయి. కానీ మీ దేశంలోనే 1870లలో మసాచుసెట్స్‌లో లూథర్ బర్‌బాంక్ అనే కుర్రాడు ఎర్లీ రోజ్ అనే తక్కువ రోజుల రకం మీద ఒకే ఒక్క కాయ చూశాడు. అది పండాలని కాచుకుని ఉండగా ఒకరోజు రాలి కనపడకుండా పోయింది. వెతికి పట్టుకున్నాడు. అందులో 23 గింజలు, 23 మొక్కలు. వాటిలో ఒకదాని హక్కును 150 డాలర్లకు అమ్మి కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. దాని నుంచి గరుకు తొక్కతో విడివడిన రూపమే మీ ఊళ్ళో ఫ్రెంచ్ ఫ్రైస్‌కు వాడే రస్సెట్ బర్‌బాంక్.

ప్ర: ఇరవై మూడు గింజల్లో ఒకటి దొరికిందని చదివాను. మరి మన సంస్థలు ఒక్కో రకానికి పది పన్నెండేళ్ళు ఎందుకు తీసుకుంటాయి? ప్రభుత్వ జాప్యమేనా?
*- విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు*

జ: బర్‌బాంక్‌ది అదృష్టం, అది పద్ధతి కాదు మాస్టారూ. లక్ష మొలకల్లో ఒకటి రకంగా నిలబడుతుందనేది ఈ వృత్తిలో అందరూ చెప్పుకునే లెక్క.

మనిషిలోనూ వరిలోనూ ప్రతి జన్యువుకు రెండేసి ప్రతులు ఉంటాయి. సాగులో ఉన్న బంగాళాదుంపలో నాలుగేసి ఉంటాయి, మొత్తం 48 క్రోమోజోములు. అణగి ఉండే ఒక మంచి గుణం పైకి రావాలంటే రెండు ప్రతుల పంటలో నాలుగు మొక్కలకు ఒకటి దొరుకుతుంది. నాలుగు ప్రతుల్లో సగం మంచివి, సగం కానివి ఉన్న దుంప మొక్కలో ముప్పై ఆరింటికి ఒకటి. అలాంటి గుణాలు అయిదు ఒకేచోట కావాలంటే మొదటిదానికి 1,024 మొక్కలు చాలు, రెండోదానికి ఆరు కోట్లు దాటుతాయి. ఇదంతా కాగితం మీది లెక్కే, పొలంలో గుణాలు ఇంత విడివిడిగా ఉండవు. పైగా కొన్ని ఒకదానినొకటి అంటిపెట్టుకుని వస్తాయి. అయిదో క్రోమోజోము మీద పంటకాలాన్ని నిర్ణయించే జన్యువు ఉన్నచోటే లేట్ బ్లైట్ తెగులును తట్టుకునే గుణం కూడా ముడిపడి ఉంది. తొందర రకాలను ఏరుకుంటూ పోతే తెగులుకు లొంగేవి చేతికి వస్తాయి. చంద్రముఖి తెగులుకు సులభంగా దొరికిపోవడం ఇలాంటిదే. కుఫ్రి జ్యోతి తెగులును తట్టుకుంటుందని 1968లో ఇచ్చారు, తర్వాత శిలీంధ్రమే కొత్త రూపం ఎత్తి దాన్ని దాటేసింది. అంటే కొంతవరకు పరుగెత్తింది ఉన్నచోట ఉండటానికే.

గోధుమ ఎకరాకు నలభై కిలోల విత్తనం వేస్తే ఇరవై క్వింటాళ్ళు వస్తుంది, యాభై రెట్లు. ఆలుగడ్డ ఎకరాకు పది పన్నెండు క్వింటాళ్ళు నాటాలి, వచ్చేది ఎనిమిది, పది రెట్లు. మొదటి ఏడాది ఒక మొలక కింద అయిదారు చిన్న గడ్డలే ఉంటాయి. వాటిని పెంచి, దేశంలో పలుచోట్ల ఏళ్ళ తరబడి పరీక్షించేంత విత్తనం చేయడానికే సగం కాలం పోతుంది. ఇప్పుడు కణజాల వర్ధనంతో, మట్టి లేకుండా వేళ్ళకు పోషక ద్రవం జల్లి చిన్న దుంపలు పండించే పద్ధతితో ఆ భాగం తగ్గుతోంది. 2011లో పద్నాలుగు దేశాల బృందం, మన సిమ్లా సంస్థతో కలిసి, ఈ మొక్క జన్యుపటాన్ని చదివింది. సుమారు 39,000 జన్యువులు తేలాయి. దాంతో మొలక దశలోనే ఆకు ముక్క పరీక్షించి పనికిరానివి పారేయొచ్చు. అయినా అరవయ్యో రోజున తవ్వి తూచే పనికి మారు లేదు. జాప్యం అసలే ఉండదని నేను అనను, ముఖ్యంగా విడుదలయ్యాక విత్తనం మీ జిల్లాకు చేరడంలో.

ప్ర: కొత్త రకం ఉర్లగడ్డ అని నమ్మి తెచ్చిన విత్తనం మొదటి ఏడాది దివ్యంగా పండింది. అందులోంచే దాచుకుని పెట్టాను. మూడో ఏటికి గోళీకాయలే. రకం చెడిపోయిందా? మళ్ళీ, ఇట్లా దాచుకుని పెడితే కేసు పెడతారని ఒకాయన భయపెట్టాడు.
*- రైతు, పలమనేరు*

జ: రకం చెడలేదు, విత్తనం చెడింది. వైరస్ సోకిన తల్లి నుంచి ప్రతి గడ్డలోకీ అది దిగుతుంది, ఏటేటా పేరుకుంటుంది. ఆకు పైకి దొప్పలా ముడుచుకుని పెళుసుబారడం, మొక్క గిడసబారడం చూసే ఉంటారు. మోసుకొచ్చేది పేనుబంక. ఉత్తర మైదానాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అది తక్కువ. ఆ సందులో పంట పెంచి, నూరాకులకు ఇరవై పేలు దాటే లోపే, అంటే జనవరి మొదట్లోనే చెట్టు కోసేసి విత్తన దుంపలు తీసే పద్ధతిని 1960ల్లో పుష్కర్‌నాథ్ స్థిరపరిచారు. మన దేశంలో ఆలుగడ్డ ఇంత విస్తరించడంలో ఏ ఒక్క కొత్త రకం కంటే కూడా ఈ పద్ధతిదే పెద్ద చేయి అని నా అభిప్రాయం. మీ ప్రాంతంలో పేనుబంకకు సెలవు కాలం లేదు. కాబట్టి విత్తనం ఎక్కువ ఏళ్ళు దాచుకోలేరు, రెండేళ్ళకోసారి మార్చండి. కొనేటప్పుడు సంచికి నీలం చీటీ ఉంటే ధ్రువీకరించినది, తెల్ల చీటీ ఉంటే దాని ముందు తరం. చీటీ లేని సంచి మీద రాసిన పేరును నమ్మి లక్షలు పెట్టకండి.

దాచుకునేదైనా తవ్విన కుప్పలోంచి చిన్న గడ్డలు ఏరకండి. రోగం పట్టిన మొక్కవే చిన్నగా ఉంటాయి. నలభై అయిదో రోజున చేలో తిరిగి ఆరోగ్యంగా ఉన్న మొక్కల పక్కన పుల్ల గుచ్చి, విత్తనానికి అవే విడిగా తీయండి. గడ్డను ముక్కలు కోసి నాటితే కత్తిని మధ్యమధ్య మందునీళ్ళలో ముంచాలి, లేకపోతే ఎండుతెగులు ఒక గడ్డ నుంచి నూరు గడ్డలకు ఎక్కుతుంది.

ఇక కేసు సంగతి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం, నమోదైన రకమైనా సరే మీ పంటను, అందులోని విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటొచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మొచ్చు. బ్రాండు పేరు వేసి సంచుల్లో అమ్మకూడదు, అంతే. మిమ్మల్ని భయపెట్టిన ఆయన గుజరాత్ సంగతి విని ఉంటారు. తమ చిప్స్ రకం పండించారని 2019లో పెప్సీకో అక్కడి రైతుల మీద దావా వేసి, నిరసనలు రావడంతో వెనక్కి తీసుకుంది. 2021లో ఆ రకం నమోదును సంబంధిత ప్రాధికార సంస్థ రద్దు చేసింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. నమోదు నిలిచినా 39వ సెక్షన్ అలాగే ఉంది.

ప్ర: మా మహిళా సంఘం చిప్స్ చేస్తుంది. కొత్తగా వచ్చే తక్కువ రోజుల గడ్డ చవకగా దొరుకుతోంది. వేయిస్తే ముదురు గోధుమ రంగు, నూనె కూడా ఎక్కువ తాగుతోంది. ఏం చేయాలి?
*- రాజమహేంద్రవరం*

జ: ఆ గడ్డ కూరకు పెట్టండి. తొందరగా తీసిన గడ్డలో నీరెక్కువ, పిండి తక్కువ. నీరు పోయిన చోట నూనె చేరుతుంది. రంగు మారడం చక్కెరవల్ల: లేత గడ్డలోనూ ఉంటుంది, 2-4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన గడ్డలోనూ పేరుకుంటుంది. కొనే ముందు తొమ్మిది లీటర్ల నీళ్ళలో 1,100 గ్రాముల ఉప్పు కరిగించి, కడిగిన గడ్డలు పది వేయండి. మునిగినవాటిలో పిండి చాలినంత ఉన్నట్టు, తేలినవి వద్దు. చిప్‌సోనా పేరుతో ఉన్న రకాలు ఈ పని కోసమే తీసినవి. అవి తక్కువ రోజులవి కావు.

ప్ర: దుంప కాకుండా గింజ నాటి ఆలు పండించే హైబ్రిడ్లు వస్తున్నాయని విన్నాను. మా నర్సరీలో నారు పెంచి అమ్మాలని ఉంది. పంటకాలం తగ్గుతుందా?
*- నర్సరీ యజమాని, సిద్ధిపేట జిల్లా*

జ: తగ్గదు, పెరుగుతుంది. గింజతో సాగు మనకు కొత్త కాదు, త్రిపురలో ఎన్నాళ్ళనుంచో చేస్తున్నారు. హెక్టారుకు ముప్పై క్వింటాళ్ళ దుంపలకు బదులు నూరు గ్రాముల గింజ సరిపోతుంది. రవాణా, కోల్డ్ స్టోరేజీ ఖర్చు పోతుంది. ఎక్కువ వైరస్‌లు గింజ ద్వారా రావు. చిక్కల్లా గడ్డలన్నీ ఒకే రూపంలో ఉండకపోవడం. అక్కడ మార్కెట్ ఒప్పుకుంది, హైదరాబాద్ మండీ ఒప్పుకోవడం కష్టం.

మీరు విన్న కొత్త హైబ్రిడ్లు వేరు. నెదర్లాండ్స్‌లో సోలింటా లాంటి కంపెనీలు నాలుగు ప్రతుల మొక్కను పక్కనపెట్టి, రెండు ప్రతుల జాతులతో పని చేస్తున్నాయి. అవి సాధారణంగా తమ పుప్పొడిని తామే తిరస్కరిస్తాయి. ఆ అడ్డును తీసేసే ఒక జన్యువు దొరకడంతో, మొక్కజొన్నలో చేసినట్టు శుద్ధమైన వరసలు తయారుచేసి కలపడం సాధ్యమైంది. మన గుంటూరు మాస్టారుకు చెప్పిన ఆరు కోట్ల లెక్క అక్కడ వెయ్యికి దిగుతుంది. ఒక మంచి రకానికి తెగులును తట్టుకునే గుణం చేర్చాలంటే కొన్నేళ్ళలో అయిపోతుంది.

అయితే గింజ చాలా చిన్నది, గ్రాముకు పదిహేను వందలు తూగుతుంది. దుంపలో ఉన్న తిండి దానికి లేదు. నారు నాటే స్థాయికి రావడానికే నెల పడుతుంది, నాటాక కూడా మొదట నెమ్మదిగా ఎదుగుతుంది. మన చలికాలం అంత సమయం ఇవ్వదు. అందుకని మీరు రైతుకు నారు అమ్మకుండా, నెట్‌హౌస్‌లో దగ్గర దగ్గరగా నాటి చిన్న విత్తన దుంపలు తీసి, వాటిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి వచ్చే అక్టోబరులో అమ్మేటట్టు చూసుకోండి. నెట్‌ కన్ను పేనుబంక దూరనంత సన్నగా ఉండాలి, తలుపు రెండు పొరలుగా కట్టించండి. ఏ కంపెనీ గింజ కొన్నా ముందు సంవత్సరం మీ జిల్లాలో ఎక్కడ పరీక్షించారో, ఎన్నో రోజున తవ్వి తూచారో కాగితం మీద అడిగి తీసుకోండి.